చట్రంలో తప్పిపోయిన చిరునామా: వెబ్ పుటల నిర్మాణంలో ఫ్రేముల చరిత్ర

ఉపోద్ఘాతం

పరిశోధన వ్యాసానికి ఆకరనిర్దేశం ప్రాణం. ఆంధ్ర మహాభారతంలోని పద్యాన్ని ఉదాహరించే పరిశోధకుడు పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య పేర్కొంటాడు. చదువరి చేతిలో వావిళ్లవారి ప్రతి ఉన్నా, తిరుమల తిరుపతి దేవస్థానంవారి ప్రతి ఉన్నా ఆ మూడు గుర్తులు అతణ్ణి ఆ పద్యం దగ్గరకు చేరుస్తాయి. పాఠభేదాల వల్ల సంఖ్య కొద్దిగా అటూ ఇటూ అయినా వెతకవలసిన చోటు మారదు. పుటసంఖ్య ముద్రణకు చెందినది. పద్యసంఖ్య కావ్యానికి చెందినది. ఈ భేదాన్ని గుర్తించిన సంప్రదాయానికి చిరునామా విలువ కొత్తగా చెప్పవలసినది కాదు.

1989లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించి, తరువాతి రెండేళ్లలో రూపుదిద్దిన వరల్డ్ వైడ్ వెబ్ కూడా ఈ సూత్రం మీదనే నిలిచింది. ప్రతి పత్రానికీ ఒక చిరునామా ఉంటుంది. దానిని తెలిసినవారు ఎవరైనా, ఎక్కడినుంచైనా, నేరుగా ఆ పత్రాన్ని చేరవచ్చు. ఒక పత్రం మరొకదానిని పేర్కొనడానికి ఈ చిరునామాయే ఆధారం. ఈ సూత్రానికి విస్తృతంగా భంగం కలిగించిన తొలి సాంకేతిక విధానం ఫ్రేములు. ఫ్రేములు ఏ అవసరం నుంచి పుట్టాయి, వాటివల్ల ఏమి నష్టం జరిగింది, వాటి స్థానంలోకి ఏమి వచ్చాయి, ఆ చరిత్ర నుంచి తెలుగు పరిశోధనరంగం గ్రహించవలసినది ఏమిటి అన్న నాలుగు అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. ఫ్రేముల పుట్టుక

నెట్‌స్కేప్ సంస్థ 1995 శరదృతువులో తన నావిగేటర్ 2.0 బ్రౌజరును ప్రయోగరూపంలో విడుదల చేసింది. 1996 మార్చిలో దాని పూర్తి రూపం వెలువడింది. ఫ్రేములు ఈ బ్రౌజరుతోనే లోకానికి పరిచయమయ్యాయి. వాటి పనితీరు సులభంగానే అర్థమవుతుంది. ఒక చిన్న ఫైలు తెరను నిలువుగానో అడ్డంగానో కొన్ని గదులుగా విభజిస్తుంది. ఈ ఫైలుకు ఫ్రేమ్‌సెట్ అని పేరు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క ప్రత్యేకమైన ఫైలు కనిపిస్తుంది. ఎడమ గదిలోని విషయసూచికలో ఒక లంకెను నొక్కితే కుడి గదిలోని పాఠం మారుతుంది. సూచిక మాత్రం కదలకుండా నిలిచి ఉంటుంది.

ఈ సౌకర్యానికి ఆనాడు లభించిన ఆదరణను తేలికగా తీసివేయరాదు. ఇళ్లలోని వారు టెలిఫోను తీగల మీద, సెకనుకు 14.4 లేదా 28.8 కిలోబిట్ల వేగం గల మోడెములతో పుటలను తెచ్చుకొనే కాలమది. మారని సూచికను ప్రతిసారీ మళ్లీ తెచ్చుకోవడం వృథా అనిపించింది. నిర్మాతల ఇబ్బంది ఇంకా పెద్దది. అప్పుడు చాలా వెబ్‌సైట్లలో ప్రతి పుటను చేతితోనే రాసేవారు. నూరు పుటల సైటులో సూచికకు ఒక కొత్త అంశం చేర్చాలంటే నూరు ఫైళ్లు దిద్దవలసి వచ్చేది. ఫ్రేములు వాడితే ఒక్క ఫైలు దిద్దితే సరిపోయేది. పుటలోని అంగాలను కోరిన చోట నిలిపే శైలీపత్రాల భాష అప్పటికి ఇంకా ప్రమాణంగా స్థిరపడలేదు. కనుక ఫ్రేములు నిర్మాతల నిజమైన అవసరాన్ని తీర్చాయి. వాటిని కేవలం అలంకారప్రీతిగా చూడడం చారిత్రక దృష్టి కాదు.

మైక్రోసాఫ్ట్ 1996 ఆగస్టులో విడుదల చేసిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3.0 కూడా ఫ్రేములను స్వీకరించింది. అయితే 1997 జనవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఆమోదించిన హెచ్.టి.ఎం.ఎల్. 3.2 ప్రమాణంలో వాటికి చోటు లేదు. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన హెచ్.టి.ఎం.ఎల్. 4.0 మాత్రం ఫ్రేమ్‌సెట్ కోసం ఒక ప్రత్యేక విభాగాన్నే ఏర్పరచింది. లోకంలో వ్యాపించిన ప్రయోగాన్ని ప్రమాణం తరువాత అంగీకరించింది. వ్యాకరణచరిత్రతో పరిచయమున్నవారికి ఈ క్రమం కొత్తగా తోచదు.

2. ఏకత్వభంగం

ఫ్రేముల ప్రధానదోషాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో వివరించవచ్చు. ఒక నిఘంటువును ఫ్రేములతో వెబ్‌లో ఉంచారనుకుందాం. ఎడమ గదిలో అక్షరక్రమం, కుడి గదిలో ఆరోపాలు, పైగదిలో గ్రంథనామం ఉంటాయి. చదువరి ‘క’కారం నొక్కి, అక్కడినుంచి ‘కవనం’ అనే ఆరోపానికి చేరతాడు. అర్థం కనిపిస్తుంది. కాని బ్రౌజరు పైభాగంలోని చిరునామా మాత్రం అతడు మొదట ప్రవేశించిన ఫ్రేమ్‌సెట్ చిరునామాగానే మిగిలిపోతుంది. అతడు ఆ స్థానాన్ని బుక్‌మార్కుగా గుర్తు పెట్టుకొంటే మరునాడు ముఖపుటకే చేరతాడు. మిత్రుడికి పంపితే మిత్రుడికీ ముఖపుటే కనిపిస్తుంది. పరిశోధన వ్యాసంలో ఆకరంగా చూపితే, నిఘంటువును పేర్కొని పుటసంఖ్య విడిచిపెట్టినట్లవుతుంది.

దీనికి విపర్యయం కూడా ఉన్నది. శోధనయంత్రం ఒక్కొక్క ఫైలును విడివిడిగా చదువుతుంది. దాని ద్వారా వచ్చిన చదువరికి ‘కవనం’ ఆరోపమున్న ఫైలు ఒక్కటే తెరమీద కనిపిస్తుంది. సూచిక ఉండదు, గ్రంథనామం ఉండదు, మరొక ఆరోపానికి దారి ఉండదు. మొదటి సందర్భంలో పాఠం చిరునామాను కోల్పోయింది. రెండవ సందర్భంలో సందర్భాన్నే కోల్పోయింది. ఒంటరిగా తెరచుకొన్న ఫైలు తనను తాను గుర్తించి ఫ్రేమ్‌సెట్‌ను పిలుచుకొనేట్లు కొందరు నిర్మాతలు జావాస్క్రిప్టు రాశారు. ఒక విధానం తెచ్చిన చిక్కును విప్పడానికి మరొక విధానం అవసరమైందంటే మొదటిదాని పునాదిలోనే లోపం ఉన్నదని అర్థం.

వినియోగసౌలభ్యశాస్త్రంలో ప్రసిద్ధుడైన జేకబ్ నీల్సన్ 1996 మే నెలలో వెబ్ నిర్మాణంలోని పది పెద్ద పొరపాట్లను పేర్కొంటూ ఫ్రేములకు మొదటిస్థానం ఇచ్చాడు. అదే సంవత్సరం డిసెంబరులో వాటిమీదనే ఒక ప్రత్యేక వ్యాసం రాశాడు. ఆయన వాదసారం ఇది: వెబ్ తొలిరూపంలో చదువరి చూసే పుట, లంకె చేరుకొనే గమ్యం, చిరునామా సూచించే వస్తువు, సర్వరులో నిలువ ఉన్న ఫైలు అన్నీ ఒక్కటే. ఫ్రేములు ఈ ఏకత్వాన్ని చీల్చాయి. చదువరి చూసే దృశ్యం అనేక ఫైళ్ల కూర్పు. అతడు చేసిన వరుస ప్రయాణాల ఫలితంగా ఏర్పడిన ఆ కూర్పుకు తనదంటూ చిరునామా లేదు.

ఈ చీలిక దైనందిన వ్యవహారంలోనూ బాధించింది. నావిగేటర్ 2.0లో వెనుకకు వెళ్లే బటన్ నొక్కితే చదువరి ఒక గదిలోని వెనుకటి పాఠానికి పోక, ఫ్రేమ్‌సెట్ నుంచే బయటపడేవాడు. తరువాతి సంచిక 3.0లో దీనిని సవరించారు. ముద్రించబోతే ఏ గది ముద్రితమవుతుందో ముందుగా తెలిసేది కాదు. చివరగా ఏ గదిలో నొక్కితే ఆ గది కాగితం మీదకు వచ్చేది. చిన్న తెరల మీద సూచికకూ, శీర్షికకూ పోగా పాఠానికి ఒక ఇరుకైన కిటికీ మాత్రమే మిగిలేది.

3. చూపులేని చదువరులు

తెరను గదులుగా విభజించడం చూపున్నవారిని ఉద్దేశించిన ఏర్పాటు. పాఠాన్ని గొంతుగా మార్చే స్క్రీన్ రీడర్లతో చదివే అంధులకు ఆ విభజన వేరు రూపంలో ఎదురవుతుంది. పుట తెరవగానే వారికి వినిపించేది గదుల జాబితా. ఆ గదులకు నిర్మాత ఫైళ్ల పేర్లే తప్ప అర్థవంతమైన శీర్షికలు ఇవ్వకపోతే ఏ గదిలో సూచిక ఉన్నదో, దేనిలో పాఠం ఉన్నదో ఒక్కొక్కటిగా తెరచి చూడవలసిందే. సూచికలో నొక్కిన లంకె మరొక గదిలో పాఠాన్ని మారుస్తుంది. చెవి మాత్రం మొదటి గదిలోనే ఉండిపోతుంది.

అందువల్లనే 1999 మే 5న వెలువడిన వెబ్ సుగమ్యతా మార్గదర్శకాల తొలి రూపం, ప్రతి ఫ్రేముకూ శీర్షిక ఇవ్వడాన్ని అత్యున్నత ప్రాథమ్యం గల నియమంగా విధించింది. అమెరికా సమాఖ్య ప్రభుత్వ సంస్థలకు వర్తించే సెక్షన్ 508 ప్రమాణాలు 2001 జూన్‌లో అమలులోకి వచ్చినప్పుడు వాటిలోనూ ఇదే నియమం చోటుచేసుకొంది. ఈ నియమాలు ఫ్రేములను నిషేధించలేదు, హానిని తగ్గించాయి.

ఫ్రేములను చూపలేని బ్రౌజర్ల కోసం ప్రత్యామ్నాయ పాఠం ఇచ్చే ఏర్పాటు మొదటినుంచీ ఉన్నది. కాని చాలామంది నిర్మాతలు అక్కడ అసలు విషయానికి బదులు, మీ బ్రౌజరు ఫ్రేములను చూపలేదన్న ఒక్క వాక్యం రాసి ఊరుకొన్నారు. శోధనయంత్రాలకు ముఖపుటలో లభించే పాఠం తరచుగా ఆ వాక్యమే. పండితకృషితో నిండిన సైటు తన గురించి లోకానికి చెప్పుకొన్నది ఆ క్షమాపణ మాత్రమే అయింది.

4. పరుల పాఠం, తన చట్రం

ఫ్రేములోని గదికి మరొక సంస్థ సైటు చిరునామాను కూడా ఇవ్వవచ్చు. ఈ అవకాశం న్యాయవివాదానికి దారితీసింది. అమెరికాలోని టోటల్‌న్యూస్ అనే సంస్థ వార్తాసైట్ల పేర్లను ఒక అంచున పేర్చి, పాఠకుడు కోరిన పత్రికను తన చట్రం మధ్యలో చూపేది. చుట్టూ తన చిహ్నం, తన ప్రకటనలు ఉండేవి. చిరునామా కూడా తనదే కనిపించేది. 1997 ఫిబ్రవరిలో వాషింగ్టన్ పోస్ట్, సి.ఎన్.ఎన్., టైమ్, డౌ జోన్స్, రాయిటర్స్ వంటి సంస్థలు న్యూయార్కులోని సమాఖ్య న్యాయస్థానంలో దావా వేశాయి. తీర్పు రాకముందే ఆ ఏడాది జూన్‌లో ఇరుపక్షాలు రాజీపడ్డాయి. టోటల్‌న్యూస్ ఆ పత్రికలను తన చట్రంలో చూపడం మానుకొంది. వాటికి లంకెలు ఇవ్వడం మాత్రం కొనసాగించవచ్చునని అంగీకారం కుదిరింది.

ఈ రాజీలో ఒక సూక్ష్మమైన వివేచన ఉన్నది. లంకె పాఠకుణ్ణి ఆకరం వద్దకు పంపుతుంది. ఫ్రేము ఆకరాన్ని తన ఇంటికి తెచ్చి తన గోడల మధ్య నిలుపుతుంది. సాహిత్యలోకంలో ఉదాహరణకూ గ్రంథచౌర్యానికీ మధ్య గీచే గీత ఇటువంటిదే. మూలాన్ని పేర్కొన్నవాడు పాఠకుణ్ణి మూలానికి పంపుతాడు, మూలాన్ని మరుగుపరచినవాడు తన వద్దే నిలుపుకొంటాడు.

5. ప్రత్యామ్నాయాలు

ఫ్రేములు ఒకే పనిముట్టుతో నాలుగు పనులు చేయబోయాయి: సూచికను ఒక్కచోట రాయడం, దానిని కళ్లెదుట నిలపడం, పుటలో కొంతభాగాన్ని మాత్రమే మార్చడం, పరుల పాఠాన్ని లోపల చూపడం. తరువాతి చరిత్ర అంతా ఈ నాలుగింటినీ విడదీసి దేనికి తగిన సాధనాన్ని దానికి సమకూర్చిన చరిత్ర.

మొదటి పని సర్వరుకు చేరింది. సూచికను ఒక ఫైలులో రాసి, పుటను పంపే ముందు దానిలో చేర్చే పద్ధతి తొలితరం సర్వరులలోనే ఉన్నది. 1995లో రాస్మస్ లెర్‌డార్ఫ్ విడుదల చేసిన పి.హెచ్.పి. వంటి సాధనాలు దీనిని సర్వసామాన్యం చేశాయి. నిర్మాత ఇప్పటికీ ఒక్క ఫైలే దిద్దుతాడు, కాని చదువరికి చేరే పుట అఖండం. దాని చిరునామా దానిదే.

రెండవ పనిని శైలీపత్రాలు స్వీకరించాయి. హాకన్ వ్యుమ్ లీ 1994 అక్టోబరులో ప్రతిపాదించిన సి.ఎస్.ఎస్. భాష 1996 డిసెంబరులో ప్రమాణమైంది. 1998 మే నెలలో వచ్చిన రెండవ రూపంలో పుటలోని ఒక అంగాన్ని తెరమీద స్థిరంగా నిలిపే వీలు చేరింది. అయినా 2001 నాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 దానిని పాటించలేదు. 2006 అక్టోబరులో ఏడవ సంచిక వచ్చేవరకు అత్యధిక ప్రచారంలో ఉన్న ఆ బ్రౌజరులో ఈ ప్రత్యామ్నాయం పనిచేయలేదు. దోషాలు 1996లోనే తెలిసినా ఫ్రేములు మరో దశాబ్దం బతకడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది.

మూడవ పని చరిత్ర మరింత ఆసక్తికరం. పుట మొత్తం తిరిగి తెచ్చుకోకుండా సర్వరు నుంచి కొంత సమాచారం మాత్రమే తెప్పించే సాధనం 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వచ్చింది. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఆ విధానానికి ఎజాక్స్ అని పేరు పెట్టాడు. ఫ్రేములు పోయాయి గాని వాటి దోషం మళ్లీ తలెత్తింది. పాఠం మారినా చిరునామా మారలేదు, వెనుకకు వెళ్లే బటన్ అక్కరకు రాలేదు. చిరునామా చివర ప్రత్యేక చిహ్నాలు చేర్చి ట్విట్టర్ వంటి సంస్థలు కొంతకాలం నెట్టుకొచ్చాయి. 2012లో ట్విట్టర్ ఆ పద్ధతిని విడిచి మామూలు చిరునామాలకు మరలింది. బ్రౌజరు చరిత్రలో కొత్త చిరునామాను చేర్చే సదుపాయం 2010-12 మధ్య ప్రధాన బ్రౌజర్లలోకి రావడంతో ఈ చిక్కు విడింది. దోషం ఫ్రేము అనే వస్తువులో కంటే చిరునామా పట్ల ఉపేక్షలో ఉన్నదని ఈ పునరావృత్తి నిరూపిస్తున్నది.

నాలుగవ పని కోసం పుటలో అంతర్భాగంగా ఒక గదిని నిలిపే ఐఫ్రేము మిగిలింది. చలనచిత్రాలను, పటాలను చూపడానికి అది నేటికీ వాడుకలో ఉన్నది. దానికీ ప్రమాదం తప్పలేదు. కనిపించని ఫ్రేమును పైన పరచి పాఠకుడి నొక్కును దొంగిలించే మోసం 2008లో వెలుగులోకి వచ్చింది. తమ పుటలను ఇతరుల చట్రంలో చూపరాదని సర్వరు ప్రకటించే విధానం 2009లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8తో మొదలై క్రమంగా అన్ని బ్రౌజర్లకూ వ్యాపించింది. 1997లో పత్రికలు న్యాయస్థానంలో కోరిన రక్షణ పన్నెండేళ్ల తరువాత సాంకేతికంగా సిద్ధించింది.

ఫ్రేముల పక్షాన చెప్పదగినది కూడా కొంత ఉన్నది. జావా భాష సాంకేతిక గ్రంథం మూడు గదుల ఫ్రేములలో ఏళ్ల తరబడి ప్రోగ్రామర్లకు ఉపకరించింది. పెద్ద సూచిక, చిన్న ఆరోపాలు ఉన్న గ్రంథానికి ఆ అమరిక నప్పింది. అయితే లోపల వెతికే సౌకర్యం చేరాక దాని అవసరం తగ్గింది. 2018 నాటి 11వ సంచికలో ఫ్రేములు లేని రూపం సహజరూపమైంది. మరుసటి ఏడాది 13వ సంచికతో ఫ్రేములు పూర్తిగా తొలగాయి.

2014 అక్టోబరు 28న ప్రమాణమైన హెచ్.టి.ఎం.ఎల్. 5 ఫ్రేమ్‌సెట్‌ను కాలం చెల్లినదిగా ప్రకటించింది. రచయితలు వాడరాదని చెప్పినా బ్రౌజర్లు మాత్రం పాత పుటలను చూపుతూనే ఉన్నాయి. అరసున్న విషయంలో తెలుగువారి వ్యవహారం ఇటువంటిదే. నేటి రచనలో దానికి చోటు లేకపోయినా, పాత గ్రంథం చదవవలసినవాడికి దాని పరిచయం తప్పదు.

6. తెలుగు పరిశోధనకు ప్రసక్తి

ఫ్రేములు వ్యాపించిన కాలంలోనే తెలుగు వెబ్‌కు మరొక చిక్కు ఉండేది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి స్థానం లభించినా, ఇళ్లలోని కంప్యూటర్లు దానిని చూపగలిగే స్థితికి రావడానికి దశాబ్దం పట్టింది. విండోస్ ఎక్స్‌పితో పాటు గౌతమి అక్షరరూపం వచ్చింది 2001లో. అంతవరకు ఒక్కొక్క సంస్థ తన సొంత ఫాంటును వాడుకొనేది. తెరమీద తెలుగు కనిపించినా లోపల ఉన్నవి రోమన్ అక్షరాల సంకేతాలే. ఫాంటు లేకుండా తెరిస్తే అర్థంలేని గుర్తులు మిగిలేవి. తెలుగు పదంతో వెతికితే ఆ పాఠం దొరికేది కాదు.

పైకి వేరుగా కనిపించే ఈ రెండు చిక్కులకూ మూలం ఒకటే. ఫ్రేములో పాఠం కనిపిస్తుంది, దానికి చిరునామా ఉండదు. సొంత ఫాంటులో పాఠం కనిపిస్తుంది, దానికి అక్షరస్వరూపం ఉండదు. రెండింటిలోనూ దృశ్యం నిలిచి ఉనికి లోపించింది. ఈ దృష్టితో చూస్తే 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నిర్మాణం గమనింపదగినది. ప్రతి వ్యాసానికీ ప్రత్యేక చిరునామా, యూనికోడ్ పాఠం ఉండడమే కాక, సవరణ జరిగిన ప్రతిసారీ ఏర్పడిన పాఠానికి కూడా వేరే శాశ్వతమైన లంకె ఉన్నది. ముద్రణను పేర్కొని ఉదాహరించే పద్ధతికి ఇది సరిగ్గా సాటి వస్తుంది.

భద్రపరచడంలోనూ ఫ్రేములు మిగిల్చిన సమస్య పాఠపరిష్కర్తలకు సుపరిచితం. 1996లో ఏర్పడిన ఇంటర్నెట్ ఆర్కైవ్ పాత వెబ్ పుటల ప్రతులను 2001 నుంచి వేబ్యాక్ మెషీన్ ద్వారా అందరికీ అందిస్తున్నది. ఫ్రేముల పుట విషయంలో ఒక్కొక్క గదిలోని ఫైలు ఒక్కొక్క తేదీన భద్రమై ఉండవచ్చు. నేడు తెరచినప్పుడు ఒక ఏడాది సూచిక పక్కన మరొక ఏడాది పాఠం కనిపించవచ్చు. ఆ రూపంలో ఆ పుట ఏనాడూ ఎవరికీ కనిపించి ఉండదు. ఒక తాళపత్రప్రతిలోని పూర్వభాగాన్ని, వేరొక ప్రతిలోని ఉత్తరభాగాన్ని జతచేసి ఒకే ప్రతిగా భ్రమించినట్లే. ఇటువంటి పుటలను ఆకరాలుగా స్వీకరించే పరిశోధకుడు ప్రతి గదినీ విడిగా తెరచి, దాని తేదీని విడిగా పేర్కొనడం అవసరం.

ఫ్రేములు పోయినా వాటి దోషం పోలేదు. పుట తిప్పినా చిరునామా మారని డిజిటల్ గ్రంథవీక్షకాలు, సంచిక మొత్తానికి ఒకే చిరునామా ఇచ్చే పత్రికలు నేటికీ ఉన్నాయి. వాటిలోని ఒక్కొక్క వ్యాసాన్ని, ఒక్కొక్క పుటను నేరుగా పేర్కొనే వీలు పరిశోధకుడికి లేదు. ప్రతి వ్యాసానికీ స్వతంత్రమైన చిరునామా, అందులో నేటి సాఫ్ట్‌వేరు పేరుతో పనిలేని సరళమైన నిర్మాణం, వెతకగలిగే యూనికోడ్ పాఠం, సైటు స్థలం మారినా పాత చిరునామా నుంచి కొత్తదానికి మళ్లించే ఏర్పాటు కనీసావసరాలు. మంచి చిరునామాలు మారవని బెర్నర్స్-లీ 1998లోనే వాదించాడు. చిరునామాను మార్చేది యంత్రం కాదు, మనుషులే అన్నది ఆ వాదంలోని అంతరార్థం.

ముగింపు

ఫ్రేములు నిజమైన అవసరం నుంచి పుట్టాయి. ఆ అవసరాన్ని తీరుస్తూ, పాఠానికీ చిరునామాకూ ఉన్న సంబంధాన్ని తెంచాయి. విమర్శకులు మొదటి ఏడాదిలోనే దోషాన్ని గుర్తించినా, తగిన ప్రత్యామ్నాయాలు అన్ని బ్రౌజర్లలోనూ పనిచేసేంతవరకు అవి నిలిచాయి. వాటి తరువాత వచ్చిన విధానాలలోనూ అదే ఉపేక్ష అదే ఫలితాన్ని ఇచ్చింది. కనుక పరీక్షించవలసినది సాధనం పేరును కాదు. ఒక పాఠాన్ని ఒకరు చూసిన చోటునే మరొకరు చూడగలరా అన్నదే పరీక్ష. శతాబ్దాల కిందటి పద్యాన్ని పర్వ, ఆశ్వాస, పద్యసంఖ్యలతో నేటికీ చేరగలుగుతున్న భాషలో, పదేళ్ల కిందటి వెబ్ వ్యాసాన్ని చేరలేకపోవడం సాంకేతికలోపంగా మాత్రమే సరిపెట్టుకోదగినది కాదు. అది పరిశోధన విశ్వసనీయతకు సంబంధించిన ప్రశ్న.